హారర్ సినిమాకి ఆలస్యంగా వెళ్ళకండి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. భయం గురించి మాట్లాడుకునే చోట మీ వీపు వెనక ఖాళీ లేకుండా చూసుకోవడం మంచిది. (నవ్వులు)

కాలేజీ రోజుల్లో ఒకసారి ఒక హారర్ సినిమాకి పది పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. చీకట్లో తడుముకుంటూ సీటు వెతుక్కుని కూర్చున్నాను. తెర మీద ఒకావిడ వంటగదిలో గిన్నెలు సర్దుకుంటోంది. ఆవిడ వెనక ఒక తలుపు, ఓరగా తెరిచి ఉంది. అంతే, ఇంకేమీ లేదు. హాలు మాత్రం బిగుసుకుపోయింది. నా పక్కన కూర్చున్న స్నేహితుడు కుర్చీ చెయ్యి వదలడం లేదు. నాకేమో ఒక్క ముక్క అర్థం కాలేదు. తలుపు ఉంది, అయితే ఏంటి? ఇంటర్వెల్‌లో వాణ్ణి అడిగితే, "నువ్వు మొదటి సీన్ చూడలేదుగా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. అందరూ చూస్తున్నది అదే తలుపు. హాల్లో ఉన్నవాళ్ళందరికీ దాని వెనక ఏదో ఉంది, నాకు మాత్రం అది తలుపే. తేడా అంతా నేను పోగొట్టుకున్న ఆ పది నిమిషాల్లో ఉంది.

హారర్ సినిమాలో మొదటి సీన్ అనగానే, మొదట్లోనే ఒక దెబ్బ కొట్టి జనాన్ని కుర్చీలోంచి లేపడం అనుకుంటాం. నేను అలా అనుకోను. మంచి సినిమాలో మొదటి సీన్ మనకి దేనికి భయపడాలో నేర్పుతుంది. నీళ్ళు, టెలిఫోను, తలుపు, మనం రోజూ పట్టించుకోని ఏదో ఒకదాన్ని తీసుకుని, దాని మీద ఒక అనుమానం పెట్టి మన చేతికిస్తుంది. ఆ తర్వాత రెండు గంటలపాటు దాన్ని పెంచి పోషించేది మనమే. అనుమానం పెనుభూతం అంటారు కదా. డైరెక్టరు సప్లై చేసేది అనుమానం వరకే, భూతం మన సొంత తయారీ.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ సంగతి డైరెక్టరు హిచ్‌కాక్‌కి బాగా తెలుసు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపకూడదని థియేటర్లకి షరతు పెట్టాడు. అప్పట్లో అమెరికాలో జనం సినిమా మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి కూర్చునేవాళ్ళు. ఈ సినిమాలో చూస్తే, పోస్టర్ మీద కనిపించే జానెట్ లీ సగం కూడా కాకముందే చచ్చిపోతుంది. లేటుగా వచ్చినవాడు ఆవిడ ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తూ కూర్చోవాల్సిందే. నాలాంటివాళ్ళ కోసమే ఆ షరతు పుట్టిందనిపిస్తుంది.

సరే, సొరచేప సినిమా 'జాస్' దగ్గరికి వద్దాం. 1975, స్పీల్‌బర్గ్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. మీలో సినిమా తీయాలనుకునేవాళ్ళు ఉంటే ఈ మొదటి ఐదు నిమిషాలు కంఠతా పట్టినా తప్పులేదు.

టైటిల్స్ పడుతున్నంతసేపూ కెమెరా నీటి అడుగున నాచు మధ్యలోంచి పోతూ ఉంటుంది. జాన్ విలియమ్స్ సంగీతం. రెండే స్వరాలు, మెల్లగా మొదలై వేగం పుంజుకుంటాయి. కట్ చేస్తే ఒడ్డున మంట, చుట్టూ కుర్రకారు, నవ్వులు. ఒకమ్మాయి లేచి పరుగు తీస్తుంది, వెనకాలే ఒక కుర్రాడు. వాడు బాగా తాగి ఉన్నాడు, బట్టలు విప్పుకోవడం కూడా చేతకాక ఒడ్డునే కూలబడతాడు. ఆ అమ్మాయి ఒక్కతే నీళ్ళలోకి దిగుతుంది. కెమెరా మళ్ళీ అడుగుకి పోయి పైకి చూస్తుంది. పైన ఆమె ఈదుతూ ఉంటుంది. ఆ రెండు స్వరాలు మళ్ళీ వస్తాయి.

తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు. ఏదో ఆమెని కిందికి గుంజుతుంది, అటూ ఇటూ ఈడ్చుకుపోతుంది. సొరచేప మాత్రం ఒక్క క్షణం కూడా కనిపించదు. ఆ అమ్మాయి పాత్ర చేసిన సుసాన్ బ్యాక్‌లినీ స్టంట్ కళాకారిణి. ఆవిడకి తాళ్ళు కట్టి మనుషులు చెరోపక్కా లాగారు. మనల్ని అంత భయపెట్టిన సీన్‌లో అసలు చేపే లేదు. సినిమా కోసం చేయించిన మరచేప సముద్రపు నీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది కాబట్టి దాన్ని తక్కువ చూపించాల్సి వచ్చిందని అంటారు, అది నిజమే. చేప పూర్తిగా బయటపడేసరికి గంట దాటిపోతుంది. నన్ను ఎక్కువగా పట్టుకునేది మాత్రం ఆమె మునిగిపోయిన తర్వాత వచ్చే నిశ్శబ్దం. సముద్రం మామూలుగా ఉంది. కుర్రాడు ఒడ్డున మత్తుగా పడి ఉన్నాడు. నీళ్ళ మీద అనుమానం మన చేతికి వచ్చింది అరుపుల్లో కాదు, ఇక్కడ. ఎందుకంటే ఇకమీదట సినిమాలో ఎప్పుడు ప్రశాంతమైన నీళ్ళు కనిపించినా మనకి ఈ నీళ్ళే గుర్తొస్తాయి.

ఇంకో సంగతి, నేను మూడోసారి చూసినప్పుడు గానీ పట్టుకోలేకపోయాను. మొదటి సీన్‌లో మనకి తెలియకుండానే ఒక పాఠం అయిపోయింది, ఆ సంగీతం వస్తే చేప ఉన్నట్టు. సినిమా మధ్యలో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన రెక్క పట్టుకుని నీళ్ళలో ఈదుతూ జనాన్ని హడలగొడతారు. ఒడ్డున అందరూ పరుగులు. అక్కడ ఆ సంగీతం రాదు! స్పీల్‌బర్గ్ మనతో మోసం చేయలేదు, రూలు పాటించాడు. అలా మన నమ్మకం సంపాదించుకున్నాక, పడవ మీద పోలీసు అధికారి ఎర వేస్తూ విసుక్కుంటున్నప్పుడు, ఏ సంగీతమూ లేకుండా చేప తల నీళ్ళలోంచి లేస్తుంది. ముందు రూలు నేర్పాడు, తర్వాత పాటించాడు, ఆ తర్వాత తెంచాడు. మొదటి సీన్‌కి ఆలస్యంగా వచ్చినవాడు ఆ చేప తల చూసి ఉలిక్కిపడతాడు, అంతవరకే. మొదటినుంచీ చూసినవాడికి కాళ్ళ కింద నేల జారిపోతుంది.

'జాస్' చెవులతో ఆడుకుంటే, 'హాలోవీన్' కళ్ళతో ఆడుకుంటుంది. 1978, జాన్ కార్పెంటర్, సుమారు 3 లక్షల డాలర్ల బడ్జెట్టు, ఆ రోజులకి కూడా అది చిల్లర. సినిమా మొదట్లో కొన్ని నిమిషాలపాటు కెమెరా ఎవరిదో చూపు. ఎవరిదో తెలియదు. ఇంటి చుట్టూ తిరుగుతుంది, కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తుంది, వంటగదిలోకి వస్తుంది. తెర అంచులోంచి ఒక చెయ్యి వచ్చి సొరుగులో కత్తి తీస్తుంది. మేడ మీదికి పోయి ముసుగు తగిలించుకుంటుంది. అప్పట్నుంచి తెరంతా నల్లగా అయిపోయి మనకి రెండు కంతలే మిగులుతాయి. ఆ కంతల్లోంచి హత్య చూస్తాం. చూడటం ఏంటి, మనమే చేస్తున్నట్టుంటుంది. బయటికి వచ్చాక ఎవరో ముసుగు లాగుతారు. కెమెరా మొదటిసారి వెనక్కి జరిగి మనకి ముఖం చూపిస్తుంది. ఆరేళ్ళ పిల్లవాడు, చేతిలో కత్తి.

తెర మీద కత్తి తీసిన ఆ చెయ్యి మాత్రం పిల్లవాడిది కాదు, నిర్మాత డెబ్రా హిల్‌ది. ఒకే షాట్‌లా కనిపించినా నిజానికి లోపల కట్‌లు దాచిపెట్టారు. అవి ఎక్కడున్నాయో ఇంటికెళ్ళి వెతుక్కోండి, సరదాగా ఉంటుంది.

ఈ సీన్‌తో మనకి అంటుకున్న జబ్బు ఏంటంటే, ఆ తర్వాత ఆ సినిమాలో కెమెరా కాస్త మెల్లగా కదిలినా సరే, "ఇది ఎవరి చూపు?" అని అనుమానం. పొద , బట్టలు ఆరేసిన తీగ, ఇంటి మూల, ఎక్కడినుంచి చూపించినా అక్కడ ఎవరో నిలబడి చూస్తున్నట్టే. చాలాసార్లు ఎవరూ ఉండరు. కానీ ఎవరూ లేరని మనల్ని ఇక ఎవరూ నమ్మించలేరు.

శబ్దం గురించి కొంచెం చెప్పాలి. భరతుడి నాట్యశాస్త్రంలో భయానక రసానికి కారణాలు చెబుతూ ఒక జాబితా ఇస్తాడు. నక్కల కూతలు, గుడ్లగూబ అరుపులు, పాడుబడ్డ ఇళ్ళు, అడవులు, అన్నీ ఉంటాయి. ఆ జాబితా మొదలయ్యేది మాత్రం వికృతమైన ధ్వనితో. భూతం కనబడటం ఆ తర్వాతే! సౌండ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే స్నేహితులకి ఈ మాట చెబితే, "మా సంగతి ఆయనకి అప్పుడే తెలుసన్నమాట" అని మురిసిపోయారు.

కళ్ళు మూసుకోవచ్చు, చెవులు మూసుకోవడం కష్టం. అదీగాక, ముందే టెన్షన్‌లో ఉన్న మనిషి అదే చప్పుడుకి ఎక్కువగా ఉలిక్కిపడతాడు. ఇది ఊహ కాదు, కనురెప్ప ఎంత బలంగా కొట్టుకుంటుందో కొలిచి మరీ పరిశోధకులు చూశారు. అంటే మొదటి సీన్‌లో మనల్ని కాస్త బిగించి వదిలేస్తే చాలు, గంట తర్వాత తలుపు టపామన్నా పనైపోతుంది.

డారియో అర్జెంటో 1977లో తీసిన 'సస్పీరియా' చూడండి. ఒకమ్మాయి ఎయిర్‌పోర్ట్ లోంచి బయటికి వస్తోంది. ఆటోమేటిక్ తలుపులు. అవి తెరుచుకున్నప్పుడల్లా బయటినుంచి గోబ్లిన్ బృందం సంగీతం వినిపిస్తుంది, మూసుకోగానే టక్కున ఆగిపోతుంది. మళ్ళీ తెరుచుకుంటే మళ్ళీ సంగీతం. ఇంకా ఏమీ జరగలేదు. కానీ ఆ సంగీతం సినిమాకి వేసింది కాదు, బయట నిజంగా ఉన్నదేదో అనిపిస్తుంది. ఆ గడప దాటకు తల్లీ అని మనం లోపల్లోపల అంటుంటాం. ఆమె దాటుతుంది, దాటకపోతే సినిమా లేదు కదా. రెండు తలుపులతో ఇంత పని చేయించుకున్నవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

'ఎక్సార్సిస్ట్' గురించి త్వరగా చెప్పి ముందుకెళ్తాను. 1973, ఒక పాపకి దయ్యం పట్టే కథ. మొదటి పది నిమిషాలు ఇరాక్‌లో, తవ్వకాల దగ్గర ఒక ముసలి ఫాదర్. ల్యాగ్ అని చాలామంది ఫార్వర్డ్ కొట్టేస్తారు. గునపాల చప్పుడు, కమ్మరివాళ్ళ సుత్తి దెబ్బలు, గోడ గడియారం నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం. ఎవరూ ఏమీ వివరించరు. చివర్లో శిథిలాల మధ్య ఆ ముసలాయన ఒక రాక్షస విగ్రహానికి ఎదురుగా నిలబడతాడు. ఇద్దరూ పాత పరిచయస్తుల్లా ఉంటారు. తర్వాత కథ వాషింగ్టన్‌లో ఒక మామూలు ఇంట్లోకి వెళ్ళిపోతుంది, ఆ ముసలాయన చాలాసేపు మళ్ళీ కనిపించడు. ఆ పది నిమిషాలు తీసేస్తే మిగిలేది ఒక పాపకి వచ్చిన జబ్బు. అవి ఉంటే మాత్రం, ఆ మంచం మీద ఉన్నది ఆ పాపకంటే, ఆ ఇంటికంటే వేల ఏళ్ళు పాతదని మనకి ముందే తెలుసు.

ఇక టెలిఫోను. 'స్క్రీమ్', 1996. డ్రూ బ్యారీమోర్ ఇంట్లో ఒక్కతే ఉంది, పొయ్యి మీద పాప్‌కార్న్ పెట్టింది. ఫోన్ మోగుతుంది. రాంగ్ నంబర్. మళ్ళీ మోగుతుంది. అవతలి గొంతు సరదాగా ఉంది, ఆమె కూడా కాస్త సరసంగానే మాట్లాడుతోంది. పేరు అడుగుతాడు. ఎందుకని ఆమె అడిగితే, తను చూస్తున్నది ఎవర్నో తెలుసుకోవాలని అంటాడు. చూస్తున్నది! ఆ ఒక్క మాటతో ఇంట్లో ఉన్న అద్దాల తలుపులన్నీ మనవైపు తిరిగిపోతాయి. పొయ్యి మీద పాప్‌కార్న్ ఉబ్బుతూ ఉంటుంది, ఆపేవాళ్ళు లేరు. గడియారం చూపించాల్సిన పని లేకుండా టైము గడిచిపోతున్నట్టు చూపించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచదు.

పోస్టర్ మీద ఆమె ముఖం పెద్దగా వేశారు. పన్నెండు పదమూడు నిమిషాల్లో ఆమె అయిపోయింది. హిచ్‌కాక్ ముప్పావుగంట తీసుకున్న పనిని వెస్ క్రావెన్ మొదటి సీన్‌లోనే ముగించాడు. ఆమెకే దిక్కులేనప్పుడు ఇక ఎవరికి ఉంటుంది?

ఇక్కడ ఒక ఫిర్యాదు చేసుకోవాలి. 'స్క్రీమ్' తర్వాత ఇది ఒక ఆనవాయితీ అయిపోయింది. చీకటి, "ఇరవై ఏళ్ళ క్రితం" అని అక్షరాలు, మనకి పేరు కూడా తెలియని ఒక కుటుంబం, ఒక చావు, చెవులు చిల్లులు పడే చప్పుడు, టైటిల్. టికెట్ డబ్బులు ముట్టాయని ఇచ్చే రసీదులా ఉంటుంది అది. భూతాన్ని మొదటి మూడు నిమిషాల్లోనే ముఖం చూపించేస్తే తర్వాత రెండు గంటలు అదేం చేయాలి పాపం? నేను ఒక పరీక్ష పెట్టుకుంటాను. మొదటి సీన్ తీసేసి మిగతా సినిమా చూస్తే ఏ షాట్‌కైనా అర్థం మారుతోందా? మారకపోతే ఆ సీన్ అక్కర్లేదు. నా కాలేజీ రోజుల సినిమా గొప్పదేమీ కాదు, దాని కథ కూడా ఇప్పుడు గుర్తులేదు. కానీ ఈ పరీక్షలో మాత్రం అది పాసైంది.

చీకటి లేకుండా కూడా భయం మొదలుపెట్టవచ్చు. జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' పేరులో రాత్రి ఉంది గానీ మొదలయ్యేది వెలుతురులో, ఒక శ్మశానంలో. అన్నాచెల్లెళ్ళు తండ్రి సమాధికి పూలు పెట్టడానికి వచ్చారు. అన్న చెల్లెల్ని దయ్యాల పేరు చెప్పి ఏడిపిస్తుంటాడు. దూరంగా ఎవరో ఒకతను తూలుతూ నడుస్తున్నాడు. మనం పట్టించుకోం, దూరంగా నడిచే మనుషుల్ని ఎవరు పట్టించుకుంటారు? అన్న అతన్నే చూపించి వెటకారం చేస్తాడు. ఆ వెటకారం పూర్తయ్యేలోపే అతను దగ్గరికి వచ్చేశాడు. 2014లో వచ్చిన 'ఇట్ ఫాలోస్' ఇదే పాఠాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది. ఒకమ్మాయి ఇంట్లోంచి హడలిపోయి వీధిలోకి పరిగెడుతుంది, కెమెరా ఉన్నచోటే ఉండి ఆమెతోపాటు గుండ్రంగా తిరుగుతుంది. వీధంతా చూపిస్తుంది. వెంటపడేది ఏదీ లేదు. ఆమె మాత్రం దాన్ని చూస్తోంది. ఇక ఆ సినిమా అయ్యేదాకా మనం హీరోయిన్ని చూడం, ఆమె వెనక దూరంగా నడిచేవాళ్ళని లెక్కపెడుతుంటాం.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక అమ్మాయి: సార్, ఒకసారి చూసేశాక మొదటి సీన్ మళ్ళీ పనిచేస్తుందా?)

మంచి ప్రశ్నమ్మా. పనిచేస్తుంది, కానీ చోటు మారుతుంది. 'జాస్' మొదటిసారి చూసినప్పుడు నాకు భయం నీళ్ళలో మొదలైంది. ఇప్పుడు ఆ అమ్మాయి నవ్వుతూ ఇసుకలో పరుగు మొదలుపెట్టగానే గుండె బరువెక్కుతుంది. భయం కంటే దిగులు ఎక్కువ అనుకుంటా.

(ఇంకొకరు: మిమ్మల్ని బాగా భయపెట్టిన మొదటి సీన్ ఏది సార్?)

'షైనింగ్'. 1980, క్యూబ్రిక్. నవ్వుతారేమో, అందులో ఉన్నది ఒక పసుపు రంగు కారు, కొండల్లో ఒక రోడ్డు. హెలికాప్టర్ నుంచి తీశారు. ముందు ఒక సరస్సు మీదుగా కెమెరా తేలుతూ పోతుంది. తర్వాత చాలా కింద, చీమంత కారు. కెమెరా దాని వెంట పడుతుంది, దగ్గరికి వస్తుంది, ఇక పట్టుకుంటుందేమో అనుకునేలోపు పక్కకి తప్పుకుని లోయ మీదుగా వెళ్ళిపోతుంది. కారుతో దానికి పని లేదన్నట్టు. సంగీతం వెండీ కార్లోస్, రేచల్ ఎల్కిండ్‌లది, చావు ప్రార్థనల్లో పాడే పాత లాటిన్ స్తోత్రం బాణీని సింథసైజర్ మీద వాయించారు.

దీని గురించి ఒక గమ్మత్తు ఉంది. ఆ హెలికాప్టర్ షూటింగ్‌లో వాడకుండా మిగిలిపోయిన ఫిల్మ్‌ని క్యూబ్రిక్ రిడ్లీ స్కాట్‌కి ఇచ్చాడు. 1982లో థియేటర్లకి వచ్చిన 'బ్లేడ్ రన్నర్' చివర్లో అది ఉంది. ఆ కొండలే, ఆ షూటింగే. అక్కడ మాత్రం హీరో, హీరోయిన్ తప్పించుకుని హాయిగా వెళ్ళిపోతున్న సన్నివేశం అది, చూసినవాళ్ళు అమ్మయ్య అనుకున్నారు. కొండల్లో భయం లేదన్నమాట.

రెండు క్లిప్పులూ తెచ్చాను. ముందు 'షైనింగ్' మూడు నిమిషాలు సౌండ్ లేకుండా వేస్తాను, తర్వాత సౌండ్‌తో. ఎక్కడ మారిందో మీరే చెప్పండి. బాబూ, లైట్లు ఆపేయ్. వెనక ఆ తలుపు ఓరగా తెరిచి ఉన్నట్టుంది, ఎవరైనా కాస్త వేయండి.